టన్నున్నర చల్లదనము: ఒక పరిభాష పుట్టిన కథ

వేసవి సమీపించినదనగా పట్టణములందలి దుకాణములలో తరచుగా వినబడు మాట యొకటి కలదు: "టన్నా, టన్నున్నరా?" ఏ.సి. యంత్రము కొనవచ్చినవానిని అమ్మువాడు మొట్టమొదట అడుగు ప్రశ్న ఇదియే. కొనువాడు గది కొలతలు చెప్పును, అమ్మువాడు లెక్క చెప్పును, బేరము కుదురును. ఈ టన్ను దేని బరువని మాత్రము ఇరువురిలో ఎవరును ఆలోచింపరు. అది యంత్రము బరువు కాదు. అంత బరువైనచో దానిని గోడకు బిగించుట ఎట్లు? చల్లదనమునకా, బరువే లేదు. మరి ఈ టన్ను ఎక్కడిది?

వృత్తులలోని మాటలు సాధారణముగా ఇట్లే ఉండును. వాడుక నిలుచును, పుట్టుక మరపున పడును. గదిని వెచ్చబరచుట, గాలిని మార్చుట, గాలిని చల్లబరచి తగిన స్థితిలో ఉంచుట అను మూడు పనులను కలిపి ఇంజనీర్లు హెచ్.వి.ఏ.సి. అను నాలుగక్షరములతో పిలుతురు. ఈ శాస్త్రమున గుప్తోష్ణము, సాపేక్ష ఆర్ద్రత, తుషారాంకము, కంప్రెసరు, కండెన్సరు, థర్మోస్టాటు వంటి మాటలు అనేకములు కలవు. వీనిని నిఘంటువు వరుసలో వల్లించినచో నాలుగు దినములలో మరచిపోవుదుము. ఏ మాట ఏ చిక్కును విప్పుటకై పుట్టినదో తెలిసికొన్నచో అన్నియు ఒకే కథలోని ప్రకరణములుగా కనబడును. ఆ కథ సారాంశమును ముందే చెప్పవచ్చును: చల్లదనమును ఎవరును తయారుచేయలేరు. ఉన్న వేడిని ఒకచోటినుండి తీసి మరియొకచోట పారవేయుట మాత్రమే మానవునికి సాధ్యము.

దాగియున్న వేడి

మన ఇండ్లలోని మట్టికుండ ఈ శాస్త్రమునకు మొదటి పాఠము. కుండ గోడలనుండి ఊరిన నీరు ఆవిరియగును. ఆవిరియగుటకు వేడి కావలెను. ఆ వేడిని అది కుండనుండియు, లోపలి నీటినుండియు గ్రహించును. కనుక మిగిలిన నీరు చల్లబడును. గుమ్మములకు వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చిలుకరించినప్పుడు లోనికి చల్లని గాలి వచ్చుటకును, చెమట ఆరునప్పుడు ఒడలు చల్లబడుటకును కారణమిదియే. ఆచారము ప్రాచీనమైనది. దాని కారణము స్పష్టపడినది మాత్రము పదునెనిమిదవ శతాబ్దమున.

స్కాట్లండు దేశీయుడైన విలియం కల్లెన్ అను ఆచార్యుడు ద్రవములు ఆవిరియగునప్పుడు పుట్టు చలిని గూర్చి 1756లో ఒక వ్యాసమును ప్రకటించెను. గాలిని తోడివేసిన పాత్రలో ఈథరును ఉంచినచో అది వేగముగా ఆవిరియై, చుట్టునున్న నీటిని గడ్డకట్టించునని ఆయన చూపెను. 1758లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ హాడ్లీ అనువారు కేంబ్రిడ్జిలో ఉష్ణమాపకపు బుడ్డిని ఈథరుతో తడుపుచు, ఊదుచు పోగా పాదరసము మైనస్ 14 సెంటిగ్రేడు డిగ్రీల వరకు దిగెను. అది వేసవి కాలము. వేసవి పగటియందు సైతము మనుష్యుని చలిచే చంపుట అసాధ్యము కాదని ఫ్రాంక్లిన్ ఈ ప్రయోగము చూచి వ్రాసెను.

దీనికి లెక్క చూపినవాడు కల్లెన్ శిష్యుడైన జోసెఫ్ బ్లాక్. వసంతకాలము వచ్చి ఎండ కాసినను కొండలమీది మంచు ఒక్కసారిగా కరగి వరదయై రాదేమని ఆయన ప్రశ్నించెను. 1760 ప్రాంతమున గ్లాస్గోలో రెండు గాజుబుడ్లను ఒకే గదిలో వ్రేలాడదీసెను. ఒకదానిలో గడ్డకట్టుటకు సిద్ధముగా ఉన్న నీరు, రెండవదానిలో అంతే బరువుగల మంచుగడ్డ. నీరు కొద్ది డిగ్రీలు వేడెక్కుటకు అరగంట పట్టెను. మంచుగడ్డ కరగి అదే ఉష్ణోగ్రతకు చేరుటకు పది గంటలకు పైగా పట్టెను. ఇంతసేపును అది గదినుండి వేడిని గ్రహించుచునే ఉన్నది. కాని కరగుచున్నంతసేపు ఉష్ణమాపకములో పాదరసము కదలలేదు. ఆ వేడి ఎచ్చటికి పోయినది? మంచును నీరుగా మార్చుటలో దాగిపోయినది. అందుచే బ్లాక్ దానికి దాగియున్న వేడి, అనగా గుప్తోష్ణము అని పేరు పెట్టెను.

ఒక గ్రాము మంచుగడ్డ కరగుటకు 80 కెలోరీలు కావలెను. ఆ గ్రాము నీరు సున్న డిగ్రీలనుండి నూరు డిగ్రీలవరకు కాగుటకు 100 కెలోరీలు చాలును. అది మరగి పూర్తిగా ఆవిరియగుటకో, 540 కెలోరీలు కావలెను. పదార్థము రూపము మార్చుకొనునప్పుడు ఇంత వేడిని మ్రింగును, తిరిగి మార్చుకొనునప్పుడు అంతయు కక్కును. నేటి శీతలయంత్రములు దాదాపుగా అన్నియు ఈ ఒక్క సత్యముపై ఆధారపడియున్నవి.

టన్ను ఎక్కడిది?

ఇప్పుడు టన్ను సంగతి చూడవచ్చును. బోస్టను నగర వర్తకుడైన ఫ్రెడరిక్ ట్యూడరు చలికాలమున అమెరికా చెరువులపై గట్టిపడు మంచును పలకలుగా కోయించి, రంపపు పొట్టుతో కప్పి, ఓడలలో ఉష్ణదేశములకు పంపు వ్యాపారమును 1806లో ఆరంభించెను. మొదట అందరును పరిహసించిరి. 1833 మే నెలలో ‘టస్కనీ’ అను ఓడ బోస్టనునుండి 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు నెలలు ప్రయాణముచేసి కలకత్తా చేరెను. దారిలో కరగినది పోగా సుమారు నూరు టన్నులు మిగిలెను. గుప్తోష్ణము ఎంత పెద్ద మొత్తమో చూపుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. తరువాత బొంబాయికిని, మద్రాసుకును మంచు వచ్చెను. 1842లో మద్రాసు సముద్రతీరమున మంచును నిలువచేయుటకు కట్టిన ‘ఐస్ హౌస్’ భవనము నేటికిని నిలిచియున్నది. 1897లో స్వామి వివేకానంద అందు బసచేసెను. నాడు మద్రాసు రాజధానిలో భాగమైన తెలుగు జిల్లాలనుండి చదువులకును, వ్యాజ్యములకును ఆ నగరమునకు పోయినవారు ఈ మంచుకొట్టును ఎరుగుదురు.

పిమ్మట మంచును చేయు యంత్రములు వచ్చెను. అవి ఎంత పనిచేయునో చెప్పుటకు జనులకు తెలిసిన కొలత యొకటి కావలసివచ్చెను. గుర్రపుబండ్లు వచ్చినచోట యంత్రములు వచ్చినప్పుడు వాని బలమును గుర్రములలో కొలిచినట్లే, మంచుగడ్డ వచ్చినచోట యంత్రము వచ్చినప్పుడు దాని పనిని మంచుటన్నులలో కొలిచిరి. ఒక టన్ను మంచుగడ్డ ఒక దినమున, అనగా 24 గంటలలో, కరగుచు ఎంత వేడిని గ్రహించునో అంత వేడిని తీసివేయు యంత్రము ఒక టన్ను యంత్రము. ఈ టన్ను అమెరికా టన్ను, అనగా 2,000 పౌనులు. మన లెక్కలో సుమారు 907 కిలోగ్రాములు.

విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేయవచ్చును. 907 కిలోగ్రాములను 80 కిలో కెలోరీలచే గుణించినచో దినమునకు సుమారు 72,600 కిలో కెలోరీలు వచ్చును. 24చే భాగింపగా గంటకు సుమారు 3,020. విద్యుత్తు కొలతలో ఇది మూడున్నర కిలోవాట్లు. పాత ఆంగ్ల కొలతలో ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడిచేయుటకు కావలసిన వేడిని బి.టి.యు. అందురు, ఆ ప్రకారము ఒక టన్ను అనగా గంటకు సరిగా 12,000 బి.టి.యు.లు. టన్నున్నర యంత్రము నిండుగా పనిచేయుచున్నంతసేపు గంటకు దాదాపు 57 కిలోల మంచుగడ్డ కరగుటతో సమానమైన వేడిని గదినుండి తోడివేయును.

యంత్రములేని కాలమున ఈ పనికి ఎంత శ్రమ పట్టెనో 1881లో అమెరికాలో జరిగిన ఒక సంఘటన తెలుపును. తుపాకిగుండు తగిలి మంచమున పడిన అధ్యక్షుడు గార్ఫీల్డు గదిని చల్లగా ఉంచుటకై నౌకాదళపు ఇంజనీర్లు మంచునీటితో తడిపిన గుడ్డల మీదుగా గాలిని పంపిరి. రెండు నెలలలో ఐదు లక్షల పౌనుల మంచు ఖర్చయ్యెను. అనగా దినమునకు నాలుగు టన్నులకు పైమాటే. నేటి మాటలో చెప్పవలెనన్నచో, అది నాలుగు టన్నుల ఏ.సి.! అధ్యక్షుడు మాత్రము బ్రతుకలేదు.

నాలుగు అవయవములు

మంచుగడ్డ ఒకసారి కరగినచో దాని పని అయిపోయినట్లే. ఈథరు ఆవిరియై గాలిలో కలిసినచో మరల కొనవలసినదే. ఆవిరియైన ద్రవమును తిరిగిపట్టి, మరల ద్రవముగా మార్చి, మరల ఆవిరిచేయగలిగినచో ఒకే ద్రవముతో ఎంతకాలమైనను పనిచేయించుకొనవచ్చును. ఈ భావమును 1805లో ఆలివర్ ఎవాన్సు వ్రాతమూలకముగా సూచించెను. 1834లో జేకబ్ పెర్కిన్సు లండనులో దీనికి పేటెంటు పొందెను. అతని పేటెంటులోని నాలుగు అవయవములే నేటి మన గోడమీది యంత్రములోను, ఇంటిలోని ఫ్రిజిలోను కూడ ఉన్నవి.

మొదటిది ఇవాపరేటరు, అనగా బాష్పీకరణి. ఇది గదిలోపల ఉండు గొట్టపు చుట్ట. ఇందు ద్రవము తక్కువ పీడనమున మరగి ఆవిరియగుచు గదిగాలినుండి వేడిని గ్రహించును. మరగుట అనగానే పొయ్యి గుర్తుకు రావచ్చును; పీడనము తగ్గినకొలది ద్రవములు తక్కువ ఉష్ణోగ్రతకే మరగునని జ్ఞాపకముంచుకొనవలెను. రెండవది కంప్రెసరు, అనగా సంపీడకము. అది ఆవిరిని నొక్కి పీడనమును పెంచును; సైకిలు పంపు వేడెక్కినట్లే ఆవిరియు మిక్కిలి వేడెక్కును. మూడవది కండెన్సరు. ఇది ఇంటి వెలుపల ఉండును. బయటిగాలికంటె ఎక్కువ వేడిగా ఉన్న ఆవిరి ఇక్కడ తన వేడిని వదలి ద్రవమగును. నాలుగవది వ్యాకోచ కవాటము. ఇరుకుదారిగుండ పోయిన ద్రవము పీడనము కోల్పోయి, చల్లబడి, మరల మొదటి స్థానమునకు చేరును. ఈ నాలుగింటిని చుట్టివచ్చు ద్రవమునకు రెఫ్రిజిరెంటు అని పేరు, తెలుగున శీతలకమనవచ్చును.

యంత్రము బయటి భాగము ముందు నిలుచున్నవారికి వేడిగాలి కొట్టుటలో ఆశ్చర్యములేదు. గదిలోని వేడియే అక్కడికి వచ్చినది. దానితోపాటు కంప్రెసరును నడిపిన విద్యుత్తు కూడ చివరకు వేడియై అక్కడనే వెలువడును. సుమారు ఒకటిన్నర కిలోవాట్ల విద్యుత్తును వాడు టన్నున్నర యంత్రము లోపలినుండి ఐదింబావు కిలోవాట్ల వేడిని తీసి, వెలుపల ఆరున్నర కిలోవాట్లకు పైగా వదలును. వాడిన విద్యుత్తుకు ఎన్ని రెట్ల వేడిని తీసినదో చెప్పు సంఖ్యకు పనితీరు గుణకము అని పేరు. ఈ లెక్కలో అది సుమారు మూడున్నర. ఇదే యంత్రమును తిరుగవేసినచో బయటి వేడిని లోనికి తేగలదని 1852లోనే విలియం థాంసన్, తరువాత లార్డు కెల్విన్ అని ప్రసిద్ధికెక్కినవాడు, సూచించెను. చలిదేశములలో ఇండ్లను వెచ్చబరచు హీటు పంపు అదియే.

ఈ యంత్రములను మనుష్యులకొరకు తలచినవారిలో జాన్ గోరీ అను వైద్యుడు స్మరింపదగినవాడు. అమెరికాలోని ఫ్లోరిడాలో జ్వరరోగుల గదులను చల్లబరచుటకై ఆయన మంచుపాత్రలను పైకప్పునుండి వ్రేలాడదీసెను. ఉత్తరదేశపు మంచు సకాలమున రాకపోవుటచే, గాలిని నొక్కి వదలుట ద్వారా మంచు చేయు యంత్రమును తానే నిర్మించి 1851లో పేటెంటు పొందెను. పెట్టుబడి పెట్టువారు లేక, 1855లో నిరాశతో మరణించెను.

యంత్రమును ఎప్పుడు నడపవలెనో, ఎప్పుడు ఆపవలెనో చెప్పుటకు థర్మోస్టాటు కావలెను. ఈ మాటను 1830లో ఆండ్రూ ఊర్ వాడెను. రెండు లోహపు పట్టీలను అంటించినచో వేడికి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగి పట్టీ వంగును. ఆ వంపే కవాటమును తెరచి మూయును. విద్యుత్తుతో పనిచేయు గది థర్మోస్టాటుకు 1883లో పేటెంటు పొందిన వారెన్ జాన్సన్ విస్కాన్సిన్ రాష్ట్రమున ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బోధించువాడు. గదుల వెచ్చదనమును చూచుటకు నౌకరు మాటిమాటికి తరగతిలోనికి వచ్చుచుండుట అతనికి నచ్చలేదు. పాఠమునకు కలిగిన ఆటంకమే ఒక పరికరమునకు దారితీసెను.

గాలి మార్పిడి

చల్లనిగాలి వేరు, మంచిగాలి వేరు. ఈ భేదమును మరచుట నేడు పరిపాటియైనది. 1740 ప్రాంతమున స్టీఫెన్ హేల్సు ఓడలలోను, చెరసాలలలోను నిలువగాలిని తోలుటకు పెద్ద కొలిమితిత్తుల వంటి పరికరములను అమర్చి వానికి వెంటిలేటర్లని పేరుపెట్టెను. నేడు మన ఇండ్లలో కిటికీపైన ఉండు చిన్న గవాక్షమునకు ఆ పేరే నిలిచినది. గాలి ఎంత చెడినదో కొలుచుట ఎట్లని జర్మనీలోని మ్యూనిచ్ నగరమున మాక్స్ పెటెన్‌కోఫర్ ఆలోచించెను. మనుష్యులు వదలు బొగ్గుపులుసు వాయువు గదిగాలిలో వేయింట ఒక వంతు మించినచో గాలి మార్పిడి చాలలేదని 1858లో ఆయన నిర్ణయించెను. ఆ వాయువు అంతమాత్రమున విషమని కాదు; ఒకరు విడిచిన గాలినే మరియొకరు పీల్చుచున్నారనుటకు అది గుర్తు.

గోడకు బిగించు సామాన్యపు ఏ.సి. యంత్రము బయటిగాలిని లోనికి తేదు. గదిలోని గాలినే మరల మరల చల్లబరచును. కిటికీలన్నియు మూసి ఏబదిమంది కూర్చున్న గదిలో హాయిగా ఉన్నట్లు తోచినను కొంతసేపటికి తల బరువెక్కుట, నిద్రమత్తు కలుగుట ఇందువలననే. 2020లో కోవిడు వ్యాధి ప్రబలినప్పుడు ఈ సంగతి లోకమునకు మరల జ్ఞాపకమునకు వచ్చెను. గాలి మార్పిడిని అందువలన ప్రత్యేకముగా లెక్కించి అమర్చవలెను.

గాలిలోని తడి

ఇక అన్నింటికంటె మెలికగల మాట ఆర్ద్రత. గాలిలో కంటికి కనబడని నీటియావిరి ఉండును. వేడిగాలి ఎక్కువ ఆవిరిని, చల్లనిగాలి తక్కువ ఆవిరిని ఇముడ్చుకొనగలదు. 25 డిగ్రీలవద్ద ఒక ఘనమీటరు గాలియందు అత్యధికముగా 23 గ్రాముల ఆవిరి ఇముడును. 35 డిగ్రీలవద్ద దాదాపు 40 గ్రాములు. గాలిలో ఇప్పుడున్న ఆవిరి, ఇముడగల ఆవిరిలో నూటికి ఎంత అనునదే సాపేక్ష ఆర్ద్రత. ఘనమీటరుకు 15 గ్రాములున్నచో, 25 డిగ్రీలవద్ద అది నూటికి 65. అదే గాలి 35 డిగ్రీలకు వేడెక్కినచో నూటికి 38 మాత్రమే. తడి మారలేదు, నిష్పత్తి మారినది. అదే గాలిని చల్లబరచుచు పోయినచో ఒక ఉష్ణోగ్రతవద్ద నూటికి నూరు అగును. అంతకు మించిన తడి బిందువులై బయటపడును. ఆ ఉష్ణోగ్రత తుషారాంకము. చల్లని నీటి చెంబు వెలుపల బిందువులు పుట్టుటయు, ఏ.సి. యంత్రపు గొట్టమునుండి నీరు కారుటయు ఇందువలననే.

దీనిని కొలుచుటకు రెండు ఉష్ణమాపకములు చాలును. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి రెండింటికిని విసనకఱ్ఱతో గాలి తగులనీయవలెను. తడిబుడ్డి ఆవిరివలన చల్లబడి తక్కువ ఉష్ణోగ్రత చూపును. గాలి పొడిగా ఉన్నకొలది భేదము ఎక్కువ. గాలి తడితో నిండియున్నచో భేదమే ఉండదు. ఖర్చులేని ఈ ప్రయోగమును ఏ ఉన్నత పాఠశాలలోనైనను చేయించి, మే నెలలో ఒకమారు, ఆగస్టులో ఒకమారు ఫలితములను పోల్చవచ్చును.

ఎయిర్ కండిషనింగు అను మాట పుట్టినది ఈ తడి విషయముననే కాని చల్లదనము విషయమున కాదు. 1902లో న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయము వారికి పెద్ద చిక్కు వచ్చిపడెను. రంగుల బొమ్మను ముద్రించుటకు ఒకే కాగితముపై ఒక్కొక్క రంగును విడివిడిగా అచ్చువేయవలెను. తేమ హెచ్చుతగ్గులవలన కాగితము సాగుచు, కుదించుకొనుచు ఉండుటచే రంగులు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చొనలేదు. విల్లిస్ క్యారియర్ అను 25 ఏండ్ల ఇంజనీరు చల్లని గొట్టములమీదుగా గాలిని పంపి, తుషారాంకమునకు దించి, అధికమైన తడిని రాల్చి, ఆర్ద్రతను నూటికి 55గా నిలుపునట్లు ఏర్పాటు రచించెను. 1911లో ఉష్ణోగ్రత, ఆర్ద్రత, తుషారాంకముల సంబంధమును సూత్రములుగా కూర్చి ఇంజనీర్ల సంఘము ముందుంచెను. ఇట్టి సంబంధములను ఒకే పటములో చూపు సైక్రోమెట్రిక్ పటము నేటికిని ఈ వృత్తివారికి ఎక్కముల పుస్తకము వంటిది.

మాట మాత్రము క్యారియర్‌ది కాదు. ఉత్తర కరొలినా రాష్ట్రపు నూలుమిల్లులలో గాలి పొడిబారినచో దారములు తెగిపోవుచుండెను. నూలుకు తగిన తేమ పట్టించుటను మిల్లువారు కండిషనింగు అనుచుండిరి. దారమునకు బదులు గాలినే ఆ స్థితికి తేవచ్చునని తలచిన స్టూవర్ట్ క్రేమర్ 1906లో ఎయిర్ కండిషనింగు అను పేరు పెట్టెను. ఆయన గాలికి తడిని కలిపెను; క్యారియర్ గాలినుండి తడిని తీసెను. ఇద్దరును గాలిని సంస్కరించినవారే. వారు మొదట సేవించినది కాగితమును, నూలును. మనుష్యుని వంతు తరువాత వచ్చెను. 1925లో న్యూయార్కులోని రివోలి నాటకశాల చల్లబడిన పిమ్మట జనసామాన్యమునకు దీని రుచి తెలిసెను.

శీతలకము తెచ్చిన చిక్కులు

తొలి యంత్రములలో ఈథరు, అమ్మోనియా, గంధక ద్విఆమ్లజని, మిథైల్ క్లోరైడు తిరిగెను. కొన్ని అంటుకొనును, కొన్ని విషము. బెర్లినులో ఫ్రిజినుండి కారిన వాయువుచే ఒక కుటుంబము మరణించినదను వార్త చదివి, ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, లియో జిలార్డ్ కదలు భాగములులేని శీతలయంత్రమును రూపొందించి 1930లో అమెరికా పేటెంటు పొందిరి. అయితే ఇంతలో మరియొక మార్గము తెరచుకొనెను. థామస్ మిడ్‌గ్లే మండని, విషముకాని క్లోరోఫ్లోరోకార్బను వాయువును 1928లో కనుగొనెను. 1930లో రసాయనశాస్త్రజ్ఞుల సభలో ఆ వాయువును స్వయముగా పీల్చి, దీపముపై ఊది ఆర్పి చూపెను. ఫ్రియాన్ అను పేరుతో అది ఇల్లిల్లు చేరెను.

నలుబదినాలుగు సంవత్సరముల తరువాత, 1974లో, మారియో మోలినా, షెర్వుడ్ రోలండ్ అనువారు ఈ వాయువులు పై వాతావరణమునకు చేరి, మనలను అతినీలలోహిత కిరణములనుండి కాపాడు ఓజోను పొరను క్షీణింపజేయునని హెచ్చరించిరి. 1985లో అంటార్కిటికాపై ఓజోను దారుణముగా తగ్గినట్లు బ్రిటిషు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరెను. 1992లో భారతదేశము అందు చేరెను. ఓజోనుకు హాని చేయని కొత్త శీతలకములలో అనేకము భూమిని వేడెక్కించునవియే అగుటచే వానిని క్రమముగా తగ్గించుటకు 2016లో కిగాలీ నగరమున సవరణ జరిగెను. గదిలో మండదు, విషము కాదు అన్నంతమాత్రమున పదార్థము నిర్దోషి కాదు. బయట ఏమి చేయునో కూడ చూడవలెనని ఈ ప్రకరణము నేర్పినది.

మన వేసవి

ఈ మాటలన్నియు మన ప్రాంతమున ఎట్లు ఉపయోగపడునో రెండు ఉదాహరణములు చాలును. మే నెలలో హైదరాబాదులో ఒక మధ్యాహ్నము 42 డిగ్రీల వేడి, నూటికి 20 ఆర్ద్రత ఉన్నదనుకొనుడు. తడిబుడ్డి సుమారు 24 డిగ్రీలు చూపును. తడిగడ్డి తెరలుగల కూలరు అక్కడ గాలిని 28 డిగ్రీల వరకు దింపగలదు. అదే దినమున విశాఖపట్టణములో 36 డిగ్రీలు, నూటికి 65 ఆర్ద్రత ఉన్నచో తడిబుడ్డి 30 డిగ్రీలు చూపును. కూలరు ఎంత మంచిదైనను గాలిని అంతకంటె చల్లబరచజాలదు. పైగా ఉన్న తడికి మరికొంత తడి చేర్చును. తెలంగాణమునను, రాయలసీమలోను మేలుచేయు పరికరము తీరమున ఉక్క పెంచుటకు కారణము దాని నాణ్యత కాదు, గాలిలోని తడి.

మానవ దేహమును కూడ తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము వంటిదే. ఉక్కగా ఉన్న గనులలో మనుష్యుని ఓర్పును నిర్ణయించునది పొడి ఉష్ణమాపకము కాదు, తడి ఉష్ణమాపకమని 1905లోనే జె. ఎస్. హాల్డేన్ చూపెను. తడిబుడ్డి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరినచో చెమట ద్వారా వేడిని వదలుట ఆరోగ్యవంతునికి సైతము సాధ్యము కాదని 2010లో శాస్త్రజ్ఞులు గణించిరి. ఎండలో పనిచేయువారికి అంతకు ఎంతో దిగువనే ప్రాణాపాయము కలుగవచ్చును. 2015 మే నెలలో వచ్చిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. వారిలో అనేకులు ఎండలో కూలిచేయువారు, వృద్ధులు. చల్లని గది విలాసమా, అవసరమా అను ప్రశ్నకు అట్టి దినములలో సమాధానము వేరుగా ఉండును.

అయినను ప్రతి ఏ.సి. యంత్రమును తన గది వేడిని వీధిలోనికి తోయుచున్నదని మరువరాదు. ఇండ్లు దగ్గర దగ్గరగా ఉన్న వీధిలో ఒకరి కండెన్సరు వదలిన వేడి ఏ.సి. లేని పొరుగువాని కిటికీకి చేరును. అందుచే యంత్రమును ఎంత చల్లగా నడపవలెనను ప్రశ్న కూడ ఒకరికి మాత్రమే చెందినది కాదు. కొత్త గది ఏ.సి.లు తయారైనప్పుడే 24 డిగ్రీలకు అమర్చియుండవలెనని 2020 జనవరినుండి మనదేశమున నియమము వచ్చినది. లోపలి చల్లదనమునకును బయటి వేడికిని భేదము తగ్గినకొలది కంప్రెసరుకు పని తగ్గును, విద్యుత్తు తగ్గును, వీధికి చేరు వేడియు తగ్గును. నీడనిచ్చు చెట్టు, సున్నము వేసిన తెల్లని పైకప్పు, ఎదురెదురు కిటికీలు వేడిని లోనికి రానీయక ఆపునవి. వచ్చిన వేడిని తోడుటకంటె ఇది ఎల్లప్పుడును చవుక.

గుప్తోష్ణము అనగా వేడి ఎక్కడ దాగునో తెలియును. టన్ను అనగా ఎంత తీసినామో తెలియును. ఆర్ద్రత అనగా ఎంతవరకు తీయగలమో తెలియును. తీసిన వేడి ఎక్కడికి పోయినదని అడుగు అలవాటు విద్యార్థికి కలిగినచో ఈ పరిభాష నేర్చినందుకు ఫలము దక్కినట్లే.